ఏ పనికి ఏ విండోస్

సోలాపూర్ పూర్వ భాగ్‌లోని మన మగ్గాల ఇళ్ళలో కంప్యూటర్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. అశోక్ చౌక్ వైపైనా, సాఖర్ పేఠలోనైనా, అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీ పక్క కాలనీల్లోనైనా కింద మరమగ్గాలు, పైన కాపురం ఉన్న ఒక ఇంటిని తీసుకోండి. మెట్ల పక్క చిన్న గది, నూలు దుమ్ము పట్టిన టేబుల్, దాని మీద ఒకే ఒక్క కంప్యూటర్. పొద్దున దాని మీద చాదర్ల బిల్లులు, ఈ-వే బిల్లులు తీస్తారు. మధ్యాహ్నం జకార్డు డిజైన్ సరిచేస్తారు. సాయంత్రం పిల్ల మరాఠీలో ప్రాజెక్టు టైపు చేసుకుంటుంది. రాత్రి నాయనమ్మ కరీంనగర్‌లోని చెల్లెలితో వీడియోలో మాట్లాడుతుంది. ఇంతమంది బరువు మోసే యంత్రం తెర మీద ఒకనాడు ప్రకటన కనిపిస్తుంది: మీ విండోస్ 10కి కాలం తీరింది, 11కి మారండి.

ఆ రోజు ఇంట్లో రెండు సలహాలు వినిపిస్తాయి. దుకాణం అతను, "ఇది పాతదైపోయింది శేఠ్, కొత్తది తీసుకోండి" అంటాడు. మేనల్లుడు, "ఏం కాదు మామా, దాన్ని మూసేసి పని చూసుకో" అంటాడు. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరూ ఒక్క మాట అడగకుండానే జవాబు చెప్పారు: ఈ కంప్యూటర్ మీద మీరు ఏమేం పనులు చేస్తారు?

ఈ అధ్యాయంలో నేను పట్టుబట్టి చెప్పదలచింది ఆ ప్రశ్న గురించే. విండోస్ మార్చాలా వద్దా అన్నది కంప్యూటర్ వయసును బట్టి తేలదు. దాని మీద నడిచే ఒక్కొక్క పనిని బట్టి తేలుతుంది. ఒకే ఇంట్లో ఒక పనికి తప్పకుండా మారాల్సి రావచ్చు, ఇంకో పనికి మారకపోవడమే మేలు కావచ్చు.

ముందు ఆ ప్రకటన అర్థం చూద్దాం. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంతకుముందు ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న, 8.1కి 2023 జనవరి 10న ఇలాగే ముగిసింది. మద్దతు ముగిసిన మర్నాడు కంప్యూటర్ ఆగిపోదు. బిల్లు వస్తుంది, టాలీ తెరుచుకుంటుంది, పాట మోగుతుంది. ఆగిపోయేది మరమ్మతు. విండోస్‌లో దొంగలు దూరడానికి వీలైన సందు ఎక్కడో ఒకటి ప్రతి నెలా బయటపడుతూనే ఉంటుంది. ఇన్నాళ్ళూ తయారుచేసినవాళ్ళు దాన్ని పూడ్చి అప్‌డేట్ రూపంలో పంపేవారు. ఇక పంపరు. ఆ సందు అందరికీ తెలిసిపోయాక కూడా మీ కంప్యూటర్‌లో తెరిచే ఉంటుంది.

దీనివల్ల ఏమవుతుందో 2017 మే 12న లోకమంతా చూసింది. వాన్నాక్రై అనే వైరస్ ఒకదాని నుంచి ఒకదానికి పాకుతూ నూటయాభై దాకా దేశాల్లో కంప్యూటర్ల ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్ ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. వాన్నాక్రై దూరిన సందును పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, ఆ ఏడాది మార్చి 14న విడుదల చేసింది. దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7వి; అప్పటికి వాటికి మద్దతు ఉంది, అప్‌డేట్ వచ్చింది, వేసుకున్నవాళ్ళు లేరు. అంతకుముందే కాలం తీరిన ఎక్స్‌పీకైతే దాడి జరిగాకే అత్యవసరంగా పంపారు. అందుకే కొత్త విండోస్ కొనుక్కుని అప్‌డేట్లు ఆపేసుకునేవాళ్ళకు మారిన ఫలితం దక్కదు. మారేవాళ్ళు అప్‌డేట్లు వేసుకునే అలవాటు కూడా చేసుకోవాలి.

ఇప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుని టేబుల్ మీద పెట్టండి. వారం రోజులు ఇంట్లో ఎవరు కూర్చున్నా ఏ పని చేశారో రాయమనండి. బ్యాంకు, జీఎస్టీ, టాలీ, డిజైన్, పిల్లల చదువు, ఫోటోలు, పెళ్ళిపత్రిక అక్షరాలు, బీడీ కార్ఖానా పీఎఫ్ వివరాలు చూసుకోవడం, ఏదైనా సరే. పక్కన ఇంకో వరుసలో ఆ పనికి కంప్యూటర్‌కి తగిలించే వస్తువేదో రాయండి. ప్రింటర్, స్కానర్, డిజిటల్ సంతకం టోకెన్, డిజైన్ సాఫ్ట్‌వేర్ లాక్. నిర్ణయం చెడేది చాలాసార్లు ఈ రెండో వరుస దగ్గరే. విండోస్ 11 బాగానే ఎక్కుతుంది, మర్నాడు పొద్దున లాక్ గుర్తుపట్టదు, ఆర్డర్ నిలిచిపోతుంది.

ఆ డిజైన్ సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. బజారులో దొరికే ఏ కంప్యూటర్ పుస్తకమూ మన మగ్గాల గురించి రాయదు, మన ఇళ్ళలో నష్టం ఎక్కువగా జరిగేదీ ఇక్కడే.

సోలాపూర్ చాదర్ జకార్డు మీద పుడుతుంది. భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆ చాదర్ మీది పువ్వు, నెమలి, అంచు ఒకప్పుడు గళ్ళ కాగితం మీద గడి గడిగా రంగు వేసి గీసినవి. ఒక్కో గడి ఒక పడుగు పోగు, ఒక పేక పోగు కలిసే చోటు. ఆ కాగితం చూసి అట్టలకు చిల్లులు కొట్టేవారు. ఇప్పుడు ఆ గడులు కంప్యూటర్‌లో గీస్తారు. కొందరు అక్కడి నుంచి అట్టల పంచింగ్ మెషీన్‌కి పంపుతారు, ఎలక్ట్రానిక్ జకార్డు ఉన్నవాళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసి మగ్గం దగ్గరికి తీసుకెళ్తారు. ఈ డిజైన్ సాఫ్ట్‌వేర్ తరచు పదేళ్ళ కిందో పదిహేనేళ్ళ కిందో కొన్నది. యూఎస్‌బీలో లాక్ పెడితేనే తెరుచుకుంటుంది. ఇంకా పాతదైతే ఆ లాక్ ప్రింటర్ పోర్టులో పెట్టేది; కొత్త కంప్యూటర్లకు ఆ పోర్టే ఉండదు.

విండోస్ 11కి 32-బిట్ రూపం లేదు, 64-బిట్‌లోనే వస్తుంది. దాంతో మనకు వచ్చే చిక్కులు ఇవి: డాస్ కాలపు 16-బిట్ ప్రోగ్రాములు, అంటే ఫాక్స్‌ప్రోలో ఎవరో రాసిచ్చిన పాత లెక్కల ప్రోగ్రాములాంటివి, అందులో నేరుగా తెరుచుకోవు. 32-బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి గాని 32-బిట్ డ్రైవర్లు పనిచేయవు. అంటే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎక్కుతుంది, దాని లాక్‌కి 64-బిట్ డ్రైవర్ లేకపోతే మాత్రం తెరుచుకోదు. పంచింగ్ మెషీన్‌దీ అదే గతి.

అందుకని సాఫ్ట్‌వేర్ అమ్మినవారికి ముందే ఫోన్ చేయండి. "మా వెర్షన్ ఇది, లాక్ ఇది, విండోస్ 11 మీద నడుస్తుందా, నడవకపోతే కొత్త వెర్షన్‌లో మా పాత డిజైన్ ఫైళ్ళు తెరుచుకుంటాయా" అని అడగండి. నోటిమాట చాలదు, వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. నడుస్తుందంటే సంతోషం. నడవదంటే, లేదా ఆ కంపెనీ ఇప్పుడు ఉనికిలోనే లేకపోతే, నా సలహా ఒక్కటే: డిజైన్ కంప్యూటర్‌ను ముట్టుకోకండి. దాన్ని ఇంటర్నెట్ నుంచి విడదీయండి.

కొత్త మగ్గం దింపిన రోజు పాతదాని మీద బీము నడుస్తుంటే ఎవరూ దాన్ని కోసి పారేయరు, ఆ బీము అయ్యేదాకా రెండూ నడుస్తాయి. కంప్యూటర్ విషయంలోనూ ఆ పద్ధతే పాటిద్దాం. పాత విండోస్ మీద డిజైన్ ఒక్కటే నడవాలి. వైఫై తీసేయాలి, నెట్ తీగ పీకేయాలి. బ్యాంకు, మెయిల్, పిల్లల చదువు మరో కంప్యూటర్‌కి పోవాలి. నెట్ లేని కంప్యూటర్‌కి ప్రమాదం పెన్‌డ్రైవ్ నుంచే వస్తుంది కాబట్టి మగ్గం దగ్గరికి తిరిగే పెన్‌డ్రైవ్ ఒకటి వేరుగా పెట్టుకోండి. దానికి ఎర్ర దారం కట్టండి. ఆ దారం ఉన్నదాన్ని జెరాక్స్ దుకాణంలో పెట్టకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి.

రెండో కంప్యూటర్ కొనే శక్తి ఎక్కడిది అని అడిగేవాళ్ళున్నారు, అది న్యాయమైన ప్రశ్న. చాదర్ల అమ్మకం పడిపోయిన ఏడు కొత్త కంప్యూటర్ మాట ఎత్తడం కష్టమే. అలాంటప్పుడు బ్యాంకు పనిని ఫోన్‌కి మార్చేయండి. అప్‌డేట్లు అందుతున్న ఫోన్ మీద బ్యాంకు యాప్ వాడడం, మద్దతు లేని విండోస్ మీద బ్యాంకు తెరవడం కన్నా ఎంతో నయం. రిటర్నులు ఎలాగూ కన్సల్టెంట్ దగ్గర వేయించుకునేవాళ్ళు కొన్నాళ్ళు పూర్తిగా ఆయనకే వదిలేయవచ్చు. పాత కంప్యూటర్ మీద బ్యాంకు పాస్‌వర్డు కొట్టకుండా ఉంటే సగం ముప్పు తగ్గినట్టే.

విండోస్ 7 మీదే ఇంకా నెట్ వాడుతున్న ఇళ్ళకు ఈ సలహా మరీ అవసరం. క్రోమ్ బ్రౌజర్ 2023 ఫిబ్రవరి నుంచి విండోస్ 7కి కొత్త వెర్షన్ ఇవ్వడం మానేసింది, 109 దగ్గర ఆగింది. అంటే విండోస్‌కి మరమ్మతు లేదు, తలుపులాంటి బ్రౌజర్‌కీ లేదు. అక్కడ ఆలోచించడానికి ఏమీ లేదు, నెట్ ఆపేయాల్సిందే.

ఇక డిజైన్ లాక్ గొడవ లేని ఇళ్ళు, లేదా అది తేలిపోయిన ఇళ్ళు. మీ కంప్యూటర్ విండోస్ 11ని మోయగలదా అని చూడడానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే యాప్ ఉంది. నడిపిస్తే అవునో కాదో చెబుతుంది, కాకపోతే ఎందుకో చెబుతుంది. లెక్కకు 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం లేదా ఆ తరవాతి ప్రాసెసర్ ఉండాలి. 4 జీబీతో ఎక్కుతుంది గాని నడక నరకం. 8 జీబీ లేకుండా ఎక్కించుకోవద్దనే నేను చెబుతాను.

టీపీఎం లేదని యాప్ అన్నంత మాత్రాన కంప్యూటర్ మార్చేయకండి. ఎనిమిదో తరం, ఆ తరవాతి కంప్యూటర్లలో చాలావాటికి అది లోపలే ఉంటుంది, బయోస్‌లో ఆపేసి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేయించుకోవడం అరగంట పని. కొత్తది కొనమన్న దుకాణంలో ముందు ఈ ఒక్కటి చూసి చెప్పమని అడగండి.

ప్రాసెసరే పాతదైతే అది మారదు. అప్పుడు దుకాణాల్లో ఒక మాట వినిపిస్తుంది, "చెకింగ్ తప్పించి ఎక్కిస్తాం" అని. ఎక్కుతుంది కూడా. కాని అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు అందుతాయని తామేమీ హామీ ఇవ్వమని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. అప్‌డేట్ల కోసమే మారుతున్నాం, అవే అనుమానమైతే ఆ శ్రమ దేనికి? ఇక లైసెన్సు లేకుండా యాక్టివేటర్ పెట్టి ఇచ్చే విండోస్‌ను ఇంట్లోకి రానివ్వకండి. ఆ యాక్టివేటర్లలో వైరస్ కలిపి పంచడం చాలా ఏళ్ళుగా జరుగుతున్న పని. దాని మీద బ్యాంకు తెరవడం కంటే బ్యాంకుకు నడిచి వెళ్ళడం మంచిది.

ప్రాసెసర్ పాతదైనవాళ్ళకు రెండు సక్రమమైన దారులున్నాయి. ఒకటి, ఇళ్ళ కంప్యూటర్ల కోసం మైక్రోసాఫ్ట్ పెట్టిన పొడిగింపు పథకం. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో చేరితే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు అందుతాయి. సెట్టింగ్స్‌ను ఆ అకౌంట్‌లోకి బ్యాకప్ అవనిస్తే పైసా ఖర్చు లేదు, లేదంటే 30 డాలర్లో దానికి సమానమైన మన డబ్బో కట్టవచ్చు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిస్తే చేరే బటన్ అక్కడే కనిపిస్తుంది. కొత్తదనాలేవీ రావు, సందులు మాత్రం పూడుతుంటాయి. డబ్బు కూడబెట్టుకోవడానికి, సాఫ్ట్‌వేర్ కంపెనీతో మాట్లాడుకోవడానికి దొరికే గడువుగా దీన్ని వాడుకోవాలి. మరిచిపోయి నిద్రపోవడానికి వాడుకుంటే ఆ తారీఖు తరవాత మళ్ళీ ఇదే మలుపులో నిలబడతాం.

రెండోది లినక్స్. పిల్లల చదువు, మెయిల్, వార్తలు, వీడియో మాటలు మాత్రమే ఉన్న కంప్యూటర్‌కి ఇది నిజంగా మంచి దారి. లినక్స్ మింట్, ఉబుంటు లాంటివి ఉచితం. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు, విండోస్ చెదరదు. తెలుగు, మరాఠీ రెండూ చక్కగా కనిపిస్తాయి, టైపు అవుతాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వాళ్ళు ఏళ్ళ తరబడి లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేశారు. మన భాషలో మెనూలు చూసుకోవడం ముసలివాళ్ళకు ఎంత ఊరటో వాడిన ఇళ్ళకు తెలుసు. అయితే టాలీ నేరుగా నడిచేది విండోస్ మీదే, డిజిటల్ సంతకం టోకెన్ కూడా లినక్స్‌లో ఇబ్బంది పెట్టవచ్చు. కాబట్టి బిల్లుల కంప్యూటర్‌కి ఈ దారి చెప్పను.

డబ్బు కొంచెమే ఉంటే దాన్ని ఎక్కడ పెట్టాలి? ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండి ఇంకా పాత హార్డ్‌డిస్క్ తిరుగుతున్న కంప్యూటర్ అయితే ముందు ఎస్‌ఎస్‌డీ పెట్టించండి, తరవాత ర్యామ్. కంప్యూటర్ ముసలిదైందని మనం అనుకునే నెమ్మదితనంలో పెద్ద పాలు ఆ తిరిగే డిస్క్‌దే.

మారడానికి ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది, అది కాకుండా ఎవరినీ కంప్యూటర్ ముట్టుకోనివ్వకండి. ఫైళ్ళ నకళ్ళు. రెండు వేరువేరు చోట్ల. ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లో, ఇంకొకటి బంధువుల ఇంట్లోనో, నెట్ మీద గూగుల్ డ్రైవ్ లాంటిదాన్లోనో. టాలీ డేటాని ముందే వేరుగా బ్యాకప్ తీసుకోండి, ఎందుకంటే కొత్త వెర్షన్‌లోకి ఒకసారి మార్చిన డేటా పాతదాన్లో మళ్ళీ తెరుచుకోకపోవచ్చు. డిజైన్ ఫైళ్ళను సాఫ్ట్‌వేర్ సొంత ఫార్మాట్‌లో ఒకటి, మామూలు బీఎంపీ బొమ్మగా ఇంకొకటి దాచండి. సాఫ్ట్‌వేర్ పోయినా బొమ్మ మిగిలితే గడులు లెక్కపెట్టి మళ్ళీ ఎక్కించవచ్చు. నాకు గుండె కొట్టుకునేది ఈ డిజైన్ల గురించే. గళ్ళ కాగితం మీద చేత్తో గీసే పెద్దలు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. వాళ్ళు గీసిన అంచు ఒక్క డిస్క్‌లోనే ఉండి ఆ డిస్క్ పోతే, దాన్ని మళ్ళీ గీయగల చెయ్యి ఈ పేఠల్లో దొరకదు.

పాత అక్షరాల సంగతీ ఉంది. సంఘం ఉత్తరాలు, పెళ్ళిపత్రికలు, మార్కండేయ రథోత్సవం కరపత్రాలు చాలా ఇళ్ళలో యూనికోడ్ రాకముందు టైపు చేసినవి. తెలుగుకు అను ఫాంట్లు, మరాఠీకి శ్రీలిపి. కొత్త విండోస్‌లో ఆ ఫాంట్లు లేకపోతే ఫైలు తెరుచుకున్నా గజిబిజి గుర్తులే కనిపిస్తాయి. మారకముందే వాటన్నిటినీ పీడీఎఫ్‌గా తీసి పెట్టుకోండి. ఫాంట్ ఫైళ్ళు కూడా ఒక ఫోల్డర్‌లో నకలు చేసుకోండి.

మార్చే రోజు ఎంచుకోవడంలో తొందర వద్దు. జీఎస్టీఆర్-1 గడువు నెలనెలా 11, 3బీ గడువు 20 అయితే, 20 దాటి రిటర్ను వేసేశాక పెట్టుకోండి. మార్చి నెల జోలికి పోవద్దు. దీపావళి ఆర్డర్ల రోజులు అసలే వద్దు. మగ్గాలు ఆగే సెలవు రోజు పొద్దున మొదలుపెట్టండి, ఇంట్లో ఎంఎస్-సీఐటీ కంప్యూటర్ కోర్సు చేసిన పిల్లో పిల్లాడో ఉంటే పక్కన కూర్చోబెట్టండి. మీ విండోస్ 10 64-బిట్ అయితే లైసెన్సుతో సహా 11కి ఉచితంగా మారవచ్చు, ఫైళ్ళు ఉన్నచోటే ఉంటాయి. 32-బిట్ విండోస్ 10 నుంచి గాని, విండోస్ 7 నుంచి గాని అలా మారే వీలు లేదు, అంతా చెరిపి కొత్తగా ఎక్కించాలి. ఆ తేడా మొదలుపెట్టకముందే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి చూసుకోండి.

లాగిన్ అకౌంట్ గురించి ఒక హెచ్చరిక. కొత్తగా ఎక్కించిన విండోస్ 11 చాలా కంప్యూటర్లలో డిస్క్‌కి తనంతట తానే తాళం వేసుకుంటుంది. ఆ తాళంచెవి, అంటే 48 అంకెల రికవరీ కీ, ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదట లాగిన్ అయ్యారో అందులో దాచుకుంటుంది. దుకాణం అతను పని తొందరగా అవ్వాలని తన అకౌంట్‌తో లాగిన్ అయి ఇస్తే, రేపు బోర్డు పాడై కంప్యూటర్ కీ అడిగిన రోజు మీ ఫైళ్ళన్నీ ఆయన చేతిలో ఉంటాయి. ఇంట్లోవాళ్ళ సొంత అకౌంట్‌తోనే మొదలుపెట్టించండి. దాని పాస్‌వర్డు, రికవరీ కీ కాగితం మీద రాసి ఇంటి పత్రాలున్న బీరువాలో పెట్టండి. ఉద్యోగానికి పుణె వెళ్ళిపోయిన కొడుకు ఒక్కడికే తెలిసిన పాస్‌వర్డు ఇంటికి పనికిరాదు.

ఏదీ చెరపకుండా విండోస్ 10 నుంచి 11కి మారినవాళ్ళకు పది రోజుల దాకా వెనక్కి వెళ్ళే వీలుంటుంది. సెట్టింగ్స్‌లో రికవరీ దగ్గర గో బ్యాక్ అని కనిపిస్తుంది. ఆ తరవాత అది మాయమవుతుంది. కాబట్టి ఆ పది రోజుల్లో నోటుబుక్కు తెరిచి రాసుకున్న ప్రతి పనీ ఒక్కసారి నిజంగా చేసి చూడండి. బిల్లు ప్రింటు తీయండి. సంతకం టోకెన్‌తో పోర్టల్‌లోకి వెళ్ళండి. డిజైన్ తెరిచి ఒక గడి మార్చి దాచి, మగ్గం దాకా తీసుకెళ్ళి నాలుగు అంగుళాలు నేసి చూడండి. నాయనమ్మతో కరీంనగర్‌కి కాల్ చేయించండి. ఒక్కటి నడవకపోయినా, దానికి పరిష్కారం ఎనిమిదో రోజుకి దొరక్కపోతే వెనక్కి వెళ్ళిపోండి. పొడిగింపు పథకంలో చేరి మళ్ళీ ఒక నెల చూసుకుని ప్రయత్నించవచ్చు.

ఎస్‌ఎస్‌డీ పెట్టించి పాత డిస్క్ బయటికి తీస్తే దాన్ని భంగార్‌కి వేయకండి, దుకాణంలో వదిలిరాకండి. దాని మీద తారీఖు, పాత విండోస్ పేరు పెన్నుతో రాసి, ఈ ఏటి ఆడిట్ పూర్తయ్యేదాకా బీరువాలో ఉంచండి. ఆ తరవాత పారేయాలనుకుంటే ముందు అందులోని డేటా పూర్తిగా చెరిపించండి. చెరపడం కుదరకపోతే మీ కళ్ళముందే డ్రిల్లుతో రెండు చోట్ల చిల్లులు పొడిపించండి.